డ్యూటీలో రోడ్డు ప్రమాదం జరిగితే పరిహారం ఎవరివ్వాలి? వి.వి.గిరి కథతో తెలుసుకోండి

తాండూరులో నాపరాళ్లు నింపుకొని బయల్దేరిన లారీ వికారాబాద్ దారిలో బోల్తా పడిందనుకోండి. డ్రైవర్ కాలు పోయింది. ఓనర్ ఆసుపత్రి బిల్లు కట్టి, చేతిలో కొంత డబ్బు పెట్టి పంపేస్తే లెక్క తీరినట్టేనా? కాదు. పరిహారం ఓనర్ దయ మీద ఆధారపడేది కాదని జీవితమంతా వాదించిన మన తెలుగువాడు ఒకరున్నారు. ఆయనే మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి.

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. లా చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్లారు. ఐర్లాండ్ స్వాతంత్ర్య పోరాటంతో సంబంధాల వల్ల 1916లో ఆ దేశం వదలాల్సి వచ్చింది. తిరిగొచ్చాక కొన్నేళ్లకు ప్రాక్టీసు మానేసి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘంగా కూడగట్టారు.

ఆ రోజుల్లోనే, 1923లో, కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. 1924 జులై 1 నుంచి అమలైంది. దాన్ని రాసింది గిరి కాదు. అయితే కాగితం మీది హక్కు చేతికి రావాలంటే యజమానితో సమానంగా కూర్చుని మాట్లాడే సంఘం ఉండాలన్నది ఆయన పద్ధతి. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడయ్యారు. 1927లో జెనీవా కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1937లో బొబ్బిలి రాజాను ఓడించి మద్రాసు ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి పదవి వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చడంతో 1954లో ఆ పదవి వదిలేశారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

మరి మన డ్రైవర్ సంగతి? 1923 చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ వచ్చింది. మూల సూత్రం అదే. పని వల్ల, పనిలో ఉండగా గాయమైతే, ఎదుటివారి తప్పు రుజువు చేయకున్నా యజమాని పరిహారం ఇవ్వాలి. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే నెల వేతనంలో 60 శాతాన్ని, మరణిస్తే 50 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. ఈఎస్ఐ ఉంటే ఆ సంస్థే చెల్లిస్తుంది.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కూ వెళ్లొచ్చు. అక్కడ సాధారణంగా ఎదుటి వాహనం తప్పు చూపించాలి. రెండు చోట్లా పరిహారం ఇవ్వరు, ఒకటే ఎంచుకోవాలి. అందుకే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి.

ఎఫ్ఐఆర్ కాపీ, వైకల్య ధ్రువపత్రం, జీతం ఆధారాలు దాచుకోండి. ఓనర్‌తో రాజీ కుదిరినా ఆ ఒప్పందాన్ని కార్మిక శాఖ అధికారి దగ్గర నమోదు చేయించండి. ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.