బిల్ క్లెమ్

బిల్ క్లెమ్ (ఫిబ్రవరి 22, 1874 - సెప్టెంబరు 16, 1951) అమెరికా దేశానికి చెందిన సుప్రసిద్ధ బేస్‌బాల్ అంపైరు. ఈయన పూర్తి పేరు విలియం జోసెఫ్ క్లెమ్. 1905 నుండి 1941 వరకు 37 సీజన్లపాటు నేషనల్ లీగ్‌లో అంపైరుగా పనిచేశాడు. 18 వరల్డ్ సిరీస్ పోటీలలో తీర్పరిగా వ్యవహరించాడు. అంపైరు వృత్తికి గౌరవాన్నీ, స్థిరత్వాన్నీ తెచ్చినవారిలో ఈయన అగ్రగణ్యుడు. అభిమానులు ఈయనను ఓల్డ్ ఆర్బిట్రేటర్ (పెద్ద తీర్పరి) అని పిలిచేవారు.

తొలి జీవితము

క్లెమ్ న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో జన్మించాడు. వీరి ఇంటిపేరు మొదట క్లిమ్. యువకుడిగా బేస్‌బాల్ ఆటగాడు కావాలని ప్రయత్నించాడు కాని చేతి నొప్పి కారణంగా ఆ ఆశ ఫలించలేదు. తరువాత ఉక్కు వంతెనల నిర్మాణంలో కూలి పని చేశాడు. తన ఊరివాడే అయిన సిల్క్ ఓలాఫ్లిన్ అంపైరుగా పేరు తెచ్చుకోవడం చూసి, తాను కూడా ఆ వృత్తిలో ప్రవేశించాలని నిశ్చయించుకున్నాడు. 1902లో కనెక్టికట్ లీగ్‌లో మొదటిసారి వేతనంపై అంపైరుగా నిలిచాడు. మరి రెండేళ్ళు చిన్న లీగులలో పనిచేసి, 1905లో నేషనల్ లీగ్‌లో చేరాడు.

ఆ రోజులలో చాలా ఆటలకు ఒకే అంపైరు ఉండేవాడు. బంతి పడిన చోటు, పరుగెత్తేవాని కాలు, గీత, అన్నీ ఒక్కడే చూసుకోవాలి. తీర్పు నచ్చకపోతే ఆటగాళ్ళు మీదికి వచ్చేవారు, ప్రేక్షకులు సీసాలు విసిరేవారు. అటువంటి వాతావరణంలో క్లెమ్ తన వృత్తిని ప్రారంభించాడు.

1908 లంచం ఉదంతము

1908 సీజన్ చివరలో న్యూయార్క్ జెయింట్స్, షికాగో కబ్స్ జట్లు సమాన స్థానంలో నిలిచాయి. విజేతను తేల్చే ఆట అక్టోబరు 8న న్యూయార్క్‌లో జరగవలసి ఉంది. దానికి క్లెమ్, జేమ్స్ జాన్‌స్టన్ అంపైర్లు. ఆటకు ముందు జెయింట్స్ జట్టు వైద్యుడు జోసెఫ్ క్రీమర్ క్లెమ్‌ను కలిసి, తమ జట్టుకు అనుకూలంగా తీర్పులిస్తే డబ్బు ఇస్తానని ఆశ చూపాడు. క్లెమ్ దానిని తిరస్కరించి, విషయాన్ని లీగ్ అధికారులకు తెలియజేశాడు. ఆ ఆటలో కబ్స్ 4-2 తేడాతో గెలిచింది. విచారణ అనంతరం క్రీమర్‌ను మైదానాలలోకి రాకుండా జీవితాంతం నిషేధించారు. ఈ ఉదంతంతో క్లెమ్ నిజాయితీ అందరికీ తెలిసివచ్చింది. ఆ ఏడాదే ఈయన తన మొదటి వరల్డ్ సిరీస్‌లో అంపైరుగా నిలిచాడు.

మైదానములో తీరు

బంతి స్ట్రైకా, బాలా అని చెప్పడంలో క్లెమ్‌కు ఉన్న నేర్పు వలన ఈయనను చాలా కాలం క్యాచర్ వెనుక స్థానంలోనే నిలబెట్టేవారు. ఛాతీ రక్షణ కవచాన్ని కోటు లోపల ధరించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. దీనివలన అంపైరు క్యాచర్ భుజం పక్క నుండి బంతిని దగ్గరగా చూడగలిగాడు. చేతి సైగలతో తీర్పు తెలిపే పద్ధతి వ్యాపించడంలోనూ ఈయన పాత్ర ఉంది.

వాదించడానికి వచ్చిన ఆటగాని ఎదుట కాలితో మట్టిలో ఒక గీత గీసి వెనుదిరిగేవాడు. ఆ గీత దాటినవానిని మైదానం నుండి పంపివేసేవాడు. ఈయన మూతిని చూసి కొందరు క్యాట్‌ఫిష్ అని ఎగతాళి చేసేవారు. ఆ మాట చెవిన పడితే కూడా అదే శిక్ష.

ఇన్‌ఫీల్డ్ ఫ్లై నిబంధన

అంపైరు పూర్తిగా తన విచక్షణపై ఆధారపడవలసిన నిబంధనలలో ఇన్‌ఫీల్డ్ ఫ్లై ముఖ్యమైనది. క్లెమ్ నేషనల్ లీగ్‌లో చేరేనాటికే ఇది అమలులో ఉంది.

మొదటి, రెండవ బేస్‌లలో రన్నర్లు ఉన్నారనుకుందాం. బ్యాటర్ కొట్టిన బంతి ఇన్‌ఫీల్డ్‌లోనే పైకి లేచింది. క్యాచ్ పడుతుందని రన్నర్లు తమ బేస్‌ల వద్దనే ఆగుతారు. అప్పుడు ఫీల్డర్ కావాలని బంతిని జారవిడిస్తే రన్నర్లు తప్పనిసరిగా పరుగెత్తవలసి వచ్చి, ఇద్దరు సులభంగా ఔటవుతారు. ముందే పరుగెత్తితే ఫీల్డర్ క్యాచ్ పట్టి, బంతిని వెనుక బేస్‌కు విసరి మరొకరిని ఔట్ చేస్తాడు. ఏమి చేసినా రన్నర్లకు నష్టమే. ఈ మోసాన్ని నివారించడానికే నిబంధన ఏర్పడింది.

ఇది వర్తించాలంటే ఇద్దరికంటే తక్కువమంది ఔటై ఉండాలి. మొదటి, రెండవ బేస్‌లలో గాని, మూడు బేస్‌లలో గాని రన్నర్లు ఉండాలి. బంతి ఫెయిర్ అయి, ఇన్‌ఫీల్డర్ మామూలు ప్రయత్నంతో పట్టగలిగేదై ఉండాలి. నేరుగా దూసుకుపోయే లైన్ డ్రైవ్‌కు, బంట్ ప్రయత్నానికి ఇది వర్తించదు. అంపైరు చేయి పైకెత్తి ప్రకటించగానే, క్యాచ్ జారినా బ్యాటర్ ఔటే. అందువలన రన్నర్లు పరుగెత్తి తీరాలనే నిర్బంధం తొలగిపోతుంది. వారు పరుగెత్తవచ్చు కాని ఆ ప్రమాదం వారిదే. బంతి ఫౌల్ గీతకు దగ్గరగా లేస్తే, ఫెయిర్ అయితేనే అన్న షరతుతో ప్రకటించాలి.

క్రికెట్ తెలిసిన పాఠకులకు ఇక్కడ ఒక భేదం కనిపిస్తుంది. క్రికెట్‌లో ఫీల్డింగ్ జట్టు అప్పీలు చేస్తేనే అంపైరు ఔట్ ఇవ్వాలి. ఇన్‌ఫీల్డ్ ఫ్లైలో ఎవరూ అడగకుండానే, బంతి ఇంకా గాలిలో ఉండగానే అంపైరు తీర్పు చెప్పాలి. ఆలస్యమైతే నిబంధన ఉద్దేశమే దెబ్బతింటుంది.

సాఫ్ట్‌బాల్‌లో

1887లో షికాగోలో జార్జ్ హాంకాక్ రూపొందించిన సాఫ్ట్‌బాల్‌లోనూ ఇదే నిబంధన ఉంది. బేస్‌బాల్‌లో బేస్‌ల మధ్య దూరం 90 అడుగులు కాగా సాఫ్ట్‌బాల్‌లో సాధారణంగా 60 అడుగులే. మైదానం చిన్నది కనుక ఆటంతా త్వరగా జరుగుతుంది, అంపైరుకు ఆలోచించే వ్యవధి తక్కువ. అందుకే అంపైర్లు బంతి వేయకముందే ఎందరు ఔటయ్యారో, ఏయే బేస్‌లలో రన్నర్లున్నారో సరిచూసుకుని, పరస్పరం సైగ చేసుకుంటారు. తెలుగు రాష్ట్రాల పాఠశాల క్రీడలలో సాఫ్ట్‌బాల్ కూడా ఉంది కనుక విద్యార్థులు ఈ నిబంధనను తెలుసుకోవడం ప్రయోజనకరం.

పదవీ విరమణ

1941లో ఒక ఆటలో రన్నర్‌ను ఔట్ ఇచ్చిన తరువాత, ఆ తీర్పుపై క్లెమ్‌కు తనకే పూర్తి నమ్మకం కలగలేదని చెబుతారు. తన వృత్తిలో అలా సందేహించడం అదే మొదటిసారి అని భావించి, 67 ఏళ్ళ వయసులో మైదానాన్ని వీడాడు. అనంతరం నేషనల్ లీగ్ అంపైర్లకు అధిపతిగా కొనసాగాడు. 1951లో ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీలో మరణించాడు.

గౌరవాలు

- 1933లో షికాగోలో జరిగిన మొట్టమొదటి ఆల్ స్టార్ ఆటలో అంపైర్లలో ఒకడు.
- 1953లో టామీ కానలీతో పాటు బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చబడ్డాడు. ఆ గౌరవం పొందిన తొలి అంపైర్లు వీరిద్దరే.
- అత్యధిక ఆటలలో అంపైరుగా ఉన్న రికార్డు (5,375) దాదాపు 80 ఏళ్ళు ఈయన పేరనే ఉంది. 2021 మే 25న జో వెస్ట్ దానిని అధిగమించాడు. 18 వరల్డ్ సిరీస్‌ల రికార్డు మాత్రం చెక్కుచెదరలేదు.