సుందరీ మృగముల కథ చెప్పిన పంతులమ్మ

చితికిపోయిన వర్తకుని చిన్న కూతురు ఒక గులాబి పువ్వును కోరుటయు, ఆ పువ్వును కోసినందులకు తండ్రి ప్రాణము మీదికి వచ్చుటయు, అతనికి మారుగా ఆ బాల భీకరమృగము నివసించు సౌధమునకు తరలిపోవుటయు దేశదేశముల బాలలెరిగిన కథయే. ఇది అవ్వలు చెప్పిన జానపదకథ యని తలచువారు పెక్కుమంది. కాని నేడు ప్రచారమున నున్న రూపమున దీనిని తీర్చినది ఒక పంతులమ్మ. ఆమె మదాం ద బోమాన్.

ఆమె 1711లో ఫ్రాన్సు దేశమున, నార్మండీ సీమలోని రువాన్ నగరమున జన్మించెను. చిన్ననాటనే తల్లి గతించెను. పేదపిల్లలకు చదువు చెప్పు సన్యాసినుల మఠమున పెరిగి, బోధనకు వలసిన శిక్షణ నచటనే పొందెను. పిదప మఠమును వీడి లొరేన్ ప్రభువుల ఆస్థానమున కొంతకాలముండెను. వివాహము ఆమెకు సుఖము నీయలేదు. ఆ బంధము ఎంతోకాలము నిలువలేదు. 1748లో, ముప్పదియేడేండ్ల వయసున, బ్రతుకుతెరువు వెదకికొనుచు లండను చేరెను. ఆ యేడే ఆమె తొలి నవల వెలువడినది గాని, దానివలన ఆమెకు శాశ్వతకీర్తి లభింపలేదు.

లండనులో ఉన్నతకుటుంబముల బాలికలకు చదువు చెప్పుట ఆమె వృత్తి. ఆ కాలమున సంపన్నుల యింటి ఆడపిల్లకు నాట్యము, సంగీతము, మర్యాదలు వచ్చిన చాలును. పెండ్లి సంగతి పెద్దలు ఆస్తిపాస్తులను బట్టి నిర్ణయింతురు. ఆ పిల్లలకు స్వయముగ ఆలోచించుట నేర్పవలెనని ఆమె పట్టుదల. 1756లో ప్రకటించిన బాలల భాండాగారమను గ్రంథము ఆ పట్టుదలకు ఫలము. అందు ఒక గురువమ్మయు, అయిదేండ్లు మొదలు పదమూడేండ్ల వరకు గల శిష్యురాండ్రును సంభాషింతురు. వారిలో నొకతె పేరే తుఫాను. బుద్ధియు పేరునకు తగినదే! బైబిలు వృత్తాంతములు, చరిత్ర, భూగోళము చెప్పుచు నడుమ నడుమ గురువమ్మ కథలు చెప్పును. వానిలో నొకటి సుందరి కథ.

ఆ కథకు మూలము మదాం ద విల్నేవ్ 1740లో ప్రకటించిన పెద్ద నవల. పెద్దల కొరకు వ్రాసినది. వందల పుటల ఆ గ్రంథమున దేవకన్యల కలహములు, రాజవంశముల పూర్వవృత్తాంతములు దట్టముగ అల్లుకొని యుండును. తుదకు సుందరి వర్తకపుత్రిక కాదనియు, రాజునకు దేవకన్యయందు పుట్టినదనియు తేలును. బోమాన్ ఈ భాగమును నిర్దయగా కోసివేసెను. పండ్రెండుమంది సంతానమును ఆరుగురిని చేసెను. సుందరిని వర్తకుని కూతురుగనే నిలిపి, గుణముచేతనే రాణిని గావించెను. మూలమున మృగము రాత్రిరాత్రి అడుగు ప్రశ్న బాలికల చెవిని వేయదగినది కాదు. దానిని వివాహప్రార్థనగా మార్చెను. మృగము ప్రతి రాత్రియు అడుగును. సుందరి ప్రతి రాత్రియు కాదనును. అది నిట్టూర్చి వెడలిపోవును. తమ సమ్మతి నెవరును అడుగని యిండ్లలో పెరుగుచున్న పిల్లల కెదుట చెప్పిన కథ యిది!

ఇంతటి నేర్పరి యొక లోపము చేసెను. మూలగ్రంథకర్త్రి పేరును మింగివేసెను. విల్నేవ్ 1755 డిసెంబరులో మరణించెను. భాండాగారము మరుసటి యేడు వెలువడెను. అడుగువారు లేరైరి. పరుల కథలను తమవిగ చెప్పుకొనుట ఆనాటి పరిపాటియే యైనను, సత్యవర్తనము బోధించిన గురువునకు ఇది తగదు.

1760 తరువాత కొన్నేండ్లకు ఆమె లండనును వీడి, ఆల్ప్స్ పర్వతముల చెంత ఆనెసీ పట్టణ సమీపమున స్థిరపడి, 1780లో మరణించెను. కార్మెన్ కథను వ్రాసిన మెరిమే ఆమె మునిమనుమడు. ఆమె బ్రతికియుండగనే, 1771లో, గ్రెత్రీ ఈ కథను సంగీతనాటకముగ కూర్చెను. 1946లో జాన్ కాక్తో దీనిని చలనచిత్రముగ తీసినపుడు తెరపై మూలకథకు కర్త్రిగ వేసిన పేరు బోమాన్‌దే.