పింఛనుదారుగా అర్ధశతాబ్దం: మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు



పదవీ విరమణ సన్మానం నాడు వేసిన పూలదండ వాడిపోవడానికి రెండు రోజులు పడుతుంది. అసలు సంగతి మూడో రోజు నుండి మొదలవుతుంది. ఉదయం తొమ్మిదిన్నర అయ్యేసరికి కాళ్ళు వాటంతట అవే చెప్పుల దగ్గరకు పోతాయి. వెళ్ళవలసిన చోటు మాత్రం ఉండదు. నాకు మొదటి ఆరు నెలలు ఇలాగే గడిచాయి. స్నానం పదకొండుకు, భోజనం మూడింటికి, నిద్ర ఎప్పుడు పడితే అప్పుడు. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో ఎరుగని నీరసం ఆ ఆరు నెలల్లో పట్టుకుంది. ఆ రోజుల్లోనే విశ్వేశ్వరయ్యగారి జీవితచరిత్ర మళ్ళీ చేతికి తీసుకున్నాను. చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో ఆయనను గొప్ప ఇంజనీరుగా చదువుకున్నాం. ఈసారి ఒక పింఛనుదారుగా చదివాను.

అవును, ఆయన కూడా మనవంటి పింఛనుదారే. బొంబాయి ప్రభుత్వంలో ఆయన చేసిన సర్వీసు సుమారు 24 సంవత్సరాలు. పింఛను అందుకున్నది అర్ధశతాబ్దికి పైగా. ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే మనలో ఆ లెక్క విని ముచ్చట పడనివారు ఉండరు.

ఆయన పూర్వీకులది ప్రకాశం సీమలో బేస్తవారిపేట దగ్గరి మోక్షగుండం. ఎన్నో తరాల క్రితం వారు మైసూరు సీమకు తరలిపోయినా ఆ ఊరిపేరు ఇంటిపేరుగా నిలిచింది. ఆయన పుట్టింది చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో, 1861 సెప్టెంబరు 15న. కొందరు 1860 అంటారు. తపాలా శాఖ శతజయంతి స్టాంపును 1960లోనే విడుదల చేసింది. తన ముఖం ఉన్న స్టాంపును తాను బ్రతికి ఉండగానే చూసుకునే యోగం ఎంతమందికి పడుతుంది! గుడుపల్లె స్టేషనులో రైలెక్కితే మధ్యాహ్నానికల్లా బెంగుళూరు చేరే మనకు ఆయన పరాయి సీమవాడు కాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో తమిళం కలిసిపోయే నేల మనది. ఆయన కుటుంబమూ అటువంటి సరిహద్దు నేలదే.

చిన్నతనంలోనే తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు పోయారు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు, బెంగుళూరులోని మేనమామ ఆయనకు అండ. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో బి.ఏ. చదివారు. మైసూరు ప్రభుత్వ సహాయంతో పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి, 1884లో బొంబాయి పబ్లిక్ వర్క్సు శాఖలో చేరారు. సంసార జీవితంలో ఆయనకు సుఖం దక్కలేదు. భార్యావియోగం కలిగింది, సంతానం నిలవలేదు. ఇంటికి వస్తే పలకరించే మనవళ్ళు, మనవరాళ్ళు లేని మనిషి నూరేళ్ళు ఎలా గడిపాడన్న ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. పిల్లలు విదేశాల్లో ఉండి, ఇంట్లో ఇద్దరో ఒక్కరో మిగిలిన మన సభ్యులకు ఇది పైపై ప్రశ్న కాదు.

ఉద్యోగంలో ఆయన 18 మంది సీనియర్లను దాటి పైకి వెళ్ళారు. ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో తనంతట తాను తెరుచుకునే వరద గేట్లు అమర్చారు. కాని ఆ శాఖలో చీఫ్ ఇంజనీరు కుర్చీ ఆ రోజుల్లో తెల్లవారిది. ఎంత పని చేసినా అక్కడికి చేరలేనని గ్రహించి, 1908లో, 47వ ఏట, స్వచ్ఛందంగా తప్పుకున్నారు. సర్వీసు గడువు నిండకపోయినా ఆయన పనిని గుర్తించి పింఛను మంజూరు చేశారు. ప్రమోషను రాలేదని కుంగిపోయి, మిగిలిన సర్వీసంతా సణుగుతూ గడిపినవారిని మనం చూశాం. మనలోనూ ఉన్నాం. ఆయన ఏమీ సణగకుండా విదేశ యాత్రకు బయలుదేరారు. వంతెనలు, నీటి సరఫరా, కర్మాగారాలు చూస్తూ నోటు పుస్తకాలు నింపారు.

ఆ యాత్రలో ఉండగానే, 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. వేలాదిమంది పోయారు. నిజాం ప్రభుత్వం కబురు పెట్టడంతో 1909లో ఆయన హైదరాబాదు వచ్చారు. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, ఇంచుమించు చదరపు మైలుకొక చెరువని, వాటిలో 221 తెగాయని ఆయన లెక్క తేల్చారు. శంషాబాదులో 48 గంటల్లో దాదాపు 19 అంగుళాల వాన కురిసింది. గొలుసుకట్టు చెరువుల కింద సేద్యం చేసిన కుటుంబాల నుండి వచ్చిన మనకు ఇందులో వివరించవలసింది లేదు. పై చెరువు కట్ట తెగితే కింది చెరువు ఆగదు. ఎగువన పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టాలన్నది ఆయన సూచన. ఆ ప్రకారమే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఇదంతా పింఛను మంజూరైన తర్వాతి పని.

అదే 1909లో మైసూరు సంస్థానం చీఫ్ ఇంజనీరుగా పిలిచింది. ఎక్కడో కన్నంబాడిలో కట్టిన కృష్ణరాజసాగరానికి మన ప్రాంతంతో ఒక చుట్టరికం ఉంది. ఏడాది పొడవునా శివసముద్రం విద్యుత్తు ఆగకుండా కోలారు బంగారు గనులకు అందాలంటే కావేరిలో నీరు నిలవాలి. ఆ ఆనకట్ట తలపెట్టడానికి ఉన్న ముఖ్య కారణాల్లో అదొకటి. బిసానత్తం, గుడుపల్లె వైపు నుండి ఆ గనుల్లో పనికి వెళ్ళిన తాతలున్న ఇళ్ళు మనలో తక్కువ కాదు. 2001లో గనులు మూతపడ్డాయి. ఆనకట్ట మాత్రం నిలిచే ఉంది.

1912లో దివాను అయ్యారు. మైసూరు బ్యాంకు 1913లో, విశ్వవిద్యాలయం 1916లో వెలిశాయి. 1918 చివర ఆ పదవి కూడా వదిలారు. ప్రభుత్వోద్యోగాల్లో వెనుకబడిన వర్గాలకు ప్రాధాన్యమివ్వాలన్న ఆలోచన మీద మహారాజుతో ఆయనకు అభిప్రాయభేదం వచ్చింది. ఈ విషయంలో నేను ఆయన పక్షం కాదు. చదువుకు దారే లేనివాణ్ణి పరీక్షలో మార్కులతో కొలవడం న్యాయమనిపించదు. మన సంఘంలో సగం మంది తండ్రులు బడి గడప ఎరుగరు. అయినా తాను నమ్మినదానికి విరుద్ధంగా కుర్చీ పట్టుకు వేళ్ళాడకపోవడం చిన్న విషయం కాదు. ఇది ఆయన రెండో పదవీ విరమణ.

దివానుగిరీ పోయాక బంగళా, బంట్రోతులు, సలాములు పోతాయి. ఆ దెబ్బకు మంచం పట్టిన పెద్ద ఉద్యోగులను చూశాం. ఆయన మాత్రం పుస్తకాలు రాశారు, దేశాలు తిరిగారు. నష్టాల్లో ఉన్న భద్రావతి ఇనుము కర్మాగారాన్ని 1923 నుండి 1929 వరకు నడిపి నిలబెట్టారు. ఆ పనికి తనకు రావలసిన ప్రతిఫలాన్ని బెంగుళూరులో ఒక వృత్తివిద్యా సంస్థకు ఇచ్చేశారు. దానికి తన పేరు పెట్టనివ్వలేదు. మహారాజు జయచామరాజేంద్రుని పేరు పెట్టించారు. కొవ్వొత్తుల కథ అందరికీ తెలిసిందే గనుక దాని జోలికి పోను. ఆయన నిజాయితీకి ఈ వృత్తివిద్యా సంస్థ చాలు.

ఇక ఆయన దినచర్య. ఇందులో మందు మాకుల రహస్యమేమీ లేదు. శాకాహారం, అదీ మితంగా, వేళకు. ఎవరింట విందయినా తన కొలత దాటేవారు కాదు. రోజూ నడక. వేళకు నిద్ర. ఇంట్లో ఉన్నా తలపాగా, కోటు, టైతో ఆఫీసుకు సిద్ధమైనట్టే కనిపించేవారు. మొదట నాకు ఇది చాదస్తమనిపించింది. తర్వాత నేనూ ఉదయం ఎనిమిదికల్లా స్నానం చేసి ఉతికిన చొక్కా తొడుక్కోవడం మొదలుపెట్టాను. లుంగీతో పగలంతా గడిపినవాడికి మధ్యాహ్నం మంచం పిలుస్తుంది. చొక్కా వేసుకున్నవాడు కనీసం గ్రంథాలయం దాకా పోతాడు. మా ఇంటావిడ ఈ మార్పుకు నాకన్నా ఎక్కువ సంతోషించింది.

మర్నాడు చేయవలసిన పనిని ముందే నిర్ణయించుకోవడం ఆయనకు అలవాటు. ఎవరికైనా అయిదు గంటలకు రమ్మంటే అయిదింటికే. ఈ కాలనియమం ఎదుటివారికి కొంత కష్టంగానే ఉండేదని నా అనుమానం. అంత బిగువు మనందరికీ సాధ్యం కాదు, అవసరమూ కాదేమో. బి.పి., షుగరు ఉన్నవారు నడక మొదలుపెట్టే ముందు డాక్టరుకు ఒక మాట చెప్పాలి, వాడుతున్న మాత్రలు మానరాదు. విశ్వేశ్వరయ్యగారి పేరు చెప్పి ఒక పూట భోజనం మానేసి కళ్ళు తిరిగి పడిన ఒక మిత్రుణ్ణి ఎరుగుదును.

వయసు లెక్క చూడండి. 80వ ఏట, 1941లో, అఖిల భారత ఉత్పత్తిదారుల సంస్థను నెలకొల్పారు. 1946లో, 85వ ఏట, పారిశ్రామికుల బృందాన్ని వెంటబెట్టుకుని యూరపు, అమెరికా వెళ్ళారు. 1951లో తన పని జీవితపు జ్ఞాపకాలు పుస్తకంగా తెచ్చారు. తొంభై నిండాక 1952లో గంగమీద వంతెన ఎక్కడ కట్టాలో నిర్ణయించే సంఘానికి అధ్యక్షులయ్యారు. మొకామా దగ్గర ఆ వంతెన 1959లో ప్రారంభమైంది. 1955లో భారతరత్న వచ్చేనాటికి ఆయనకు ఇక కోరుకోవలసిన పదవి లేదు, మెప్పించవలసిన పైఅధికారి లేడు. మనవళ్ళు లేని ఇంట్లో ఆయన ఎలా గడిపాడన్న నా ప్రశ్నకు ఈ తేదీల పట్టికలోనే కొంత జవాబు దొరికింది. ప్రతి సాయంత్రం ఆయనకు మర్నాటి పని ఒకటి మిగిలి ఉండేది.

1962 ఏప్రిల్ 14న బెంగుళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు ముద్దేనహళ్ళిలో జరిగాయి. సమాధి అక్కడే ఉంది. పుట్టిన ఇంటిని ప్రదర్శనశాలగా కాపాడుతున్నారు. చూడదలచినవారు రైలులో బెంగుళూరు చేరి, అక్కడి నుండి చిక్కబళ్ళాపురం బస్సెక్కవచ్చు. ముద్దేనహళ్ళి అక్కడికి దగ్గరే. ఎండ ముదరక ముందే చేరేలా బయలుదేరండి, నీళ్ళసీసా వెంట ఉంచుకోండి.