తెర వెనుకటి ద్వారకానిర్మాత

'మాయాబజార్' చిత్రమును చూడని తెలుగువారు అరుదు. ఆ పేరు వినినంతనే ఘటోత్కచుడుగా రంగారావు, శ్రీకృష్ణుడుగా రామారావు, మాయాశశిరేఖగా సావిత్రి మన కన్నులకు కట్టుదురు. కాని, వారందరు సంచరించిన ద్వారకానగరమును కట్టినదెవరని అడిగినచో బదులు చెప్పగలవారు కొలదిమందియే. చూపరులు మరచిపోవుటయే తన విజయముగా గల విచిత్రమైన కళ అది. ఆ కళకు జీవితమును ధారపోసిన ఆంధ్రులలో అగ్రగణ్యులు మాధవపెద్ది గోఖలే.

వారు 1917లో గుంటూరు జిల్లాలో జన్మించిరి. మదరాసు చిత్రకళాశాలలో విద్యనభ్యసించిరి. ఆనాడు ఆ కళాశాలకు అధ్యక్షులు దేవీప్రసాద్ రాయ్ చౌధురి. ఆ ఆచార్యుడు చిత్రకారుడే కాక గొప్ప శిల్పి. మెరీనా తీరమున నేటికిని నిలిచియున్న శ్రమజీవుల విగ్రహములు ఆయన చేతిపనియే. గోఖలే తెలుగు పత్రికలకు బొమ్మలు వేసిరి, కథలును వ్రాసిరి. పల్లెటూరి బీదసాదల బ్రతుకును చిత్రించిన ఆ కథలలో 'బల్లకట్టు పాపయ్య' పేరెన్నిక గన్నది. కుంచెతో గాని, కలముతో గాని, కన్నులారా చూచిన దానిని కొలత తప్పకుండ చెప్పుట వారి స్వభావము.

విజయా సంస్థవారి చిత్రములతో వారి కీర్తి స్థిరపడెను. 1951లో వచ్చిన 'పాతాళభైరవి', 1955లో వచ్చిన 'మిస్సమ్మ', 1957లో వచ్చిన 'మాయాబజార్', 1961లో వచ్చిన 'జగదేకవీరుని కథ' – వీని కన్నిటికిని కళాదర్శకులుగా గోఖలే, కళాధర్ అను రెండు పేర్లు జంటగా కనబడును. ఊహించి రేఖలలో చూపుట గోఖలే వంతు, దానిని నిర్మించి నిలబెట్టుట కళాధర్ వంతు అని చెప్పుకొనుట వాడుక.

'మాయాబజార్' కొరకు దర్శకులు కె.వి. రెడ్డి ద్వారకానగరమును తెరపై చూపదలచిరి. నిజమైన నగరమును కట్టుట అసాధ్యము. అందుచే సుమారు 50 అడుగులకు 60 అడుగుల స్థలములో దాదాపు 300 చిన్న యిండ్లతో నమూనా నగరమును నిర్మించిరి. ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్‌లీ దానిని చిత్రించిరి. చూచినవారికి అది బొమ్మల కొలువుగా తోచలేదు. యాదవుల రాజధానిగానే తోచెను.

ఇందలి కష్టమును గ్రహించుటకు మన కోనసీమ యిల్లు ఒక్కటి చాలును. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలోని పాత మండువా లోగిళ్ళలో టేకు స్తంభములను, ద్వారబంధములను చూచియుందుము. ఆరడుగుల తలుపును పండ్రెండవ వంతునకు తగ్గించి ఆరంగుళముల నమూనాగా చేయవలెననుకొందము. అసలైన టేకుతోనే చేసినచో నిజముగా నుండునని తోచును. కాని ఫలితము విపరీతము. తలుపు చిన్నదైనను చెక్కలోని చారలు చిన్నవి కావు. నమూనాపై అరంగుళము వెడల్పు గల చార, పూర్తి తలుపుపై ఆరంగుళముల పట్టీతో సమానము. అట్టి తలుపు ఏ యింటను ఉండదు. అసలు కలపయే అబద్ధమాడును!

కనుక నేర్పరి చేయునది వేరు. చారలు కనబడని మెత్తని చెక్కనో, అట్టనో తీసికొని ముందుగా లేతవన్నె పూయును. అది ఆరిన పిదప ముదురువన్నెను పలుచగా పూసి, తడి ఆరకమునుపే గట్టి కుంచెతో ఒకే దిక్కునకు లాగి, వెండ్రుకల వంటి సన్నని చారలను తేల్చును. అక్కడక్కడ ఒక ముడి. చేతులు తగులు చోట కొంచెము అరుగుదల. మూలలలో కొంచెము మసక. మెరుగు మాత్రము తగ్గించును. ఏలయన నిగనిగలాడు వస్తువు తన చిన్నతనమును తానే బయటపెట్టుకొనును. రాతికైనను, ఇటుకకైనను, ఇంటి పెంకునకైనను ఇదియే సూత్రము. నిజమనిపించునది పదార్థము కాదు, ప్రమాణము.

ఆ దినములలో మరియొక చిక్కుండెను. ఆ చిత్రము నలుపు తెలుపులలో తీయబడినది. కంటికి వేరువేరుగా కనబడు ఎరుపు, ఆకుపచ్చలు తెరపై ఒక్కటే బూడిదవన్నెగా మారిపోవచ్చును. కావున అట్టి చిత్రములకు పనిచేయు కళాదర్శకుడు రంగును రంగుగా కాక, వెలుగునీడల పాలుగా లెక్కించి వేయవలెను. 2010లో ఆ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. ఏబది యేండ్లు గడచిన పిమ్మట అద్దిన రంగులను మోయగలిగినదనగా ఆ నిర్మాణపు పునాదిలోని బలము తెలియుచున్నది.

చిత్రకారుని పటము గోడపై నిలుచును. శిల్పి విగ్రహము కూడలిలో నిలుచును. కళాదర్శకుని నగరము చిత్రీకరణ ముగియువరకే. పిదప ఆ చెక్కలు, అట్టలు మరియొక కథలో మరియొక యిల్లగును. ఈ సంగతి నెరిగియే గోఖలే ఏండ్ల తరబడి ఆ పనిని చేసిరి. పిల్లలనుండి వృద్ధులవరకు కోట్లమంది వారి నగరములలో తిరిగివచ్చిరి. తిరిగినది వారి నగరములలోనని ఎరిగినవారు తక్కువ. 1981లో వారు పరమపదించిరి.

నేడు బడులలో ప్రదర్శనలకై విద్యార్థులు దేవాలయములను, ఆనకట్టలను, ఇండ్లను అట్టలతో చేయుచుందురు. ఖరీదైన సామగ్రి దొరకలేదని చింతింప బనిలేదు. ముందుగా తమ వీధిలోని ఒక పాత తలుపు నెదుట నిలిచి, దాని చారలను, అరుగుదలను ఓపికతో చూచి, కొలత వేసికొనవలెను. అటుపై ఆదివారము నాడు 'మాయాబజార్' చూచునపుడు, ఒక్కసారి నటులపైనుండి చూపు మరల్చి, వారి వెనుకనున్న ద్వారకను చూడవలెను.