స్థానం సంపాదించి పెట్టిన గురువు: సయ్యద్ అబ్దుల్ రహీం

అంతర్జాతీయ క్రీడారంగంలో ఒక దేశం పేరు వినిపించాలంటే ముందుగా ఆ దేశానికి పోటీలో ప్రవేశం లభించాలి. ప్రేక్షకులకు పతకం కనిపిస్తుంది గాని, పతకానికి ముందు దాటవలసిన వాకిలి కనిపించదు. ఆ వాకిలి మూతపడకుండా పదమూడు సంవత్సరాలపాటు భారత ఫుట్‌బాల్‌కు కాపు కాసిన మహనీయుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఆయన బడిపంతులు. ఈ కారణం చేతనే ఆయన జీవితం మన విద్యార్థి సోదర సోదరీమణులు ప్రత్యేకంగా తెలుసుకోదగినదని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ప్రవేశం అన్నది ఎలా లభిస్తుందో మొదట స్థూలంగా చూద్దాము. శీతల దేశాలలో మంచు గచ్చుపై స్త్రీ పురుషులు జంటగా విన్యాసాలు చేసే స్కేటింగ్ క్రీడ ఒకటి ఉన్నది. దాని ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు ఏ దేశమైనా మూడు జంటలకు మించి పంపరాదు. మూడు పంపవచ్చునా, రెండా, ఒకటేనా అన్నది అంతకు ముందటి సంవత్సరం ఆ దేశపు జంటలు పొందిన స్థానాలు నిర్ణయిస్తాయి. ఒక్క జంటనే పంపిన దేశానికి ఆ జంట మొదటి రెండు స్థానాలలో నిలిస్తే మరుసటి ఏడు మూడు ప్రవేశాలు, మూడు మొదలు పది వరకు గల స్థానాలలో నిలిస్తే రెండు ప్రవేశాలు లభిస్తాయి. అంతకంటె ఎక్కువ జంటలను పంపిన దేశానికి మేలైన రెండు స్థానాలను కూడగా మొత్తం 13కు మించకుంటే మూడు, 28కి మించకుంటే రెండు లభిస్తాయి. ఇందులో గమనింపదగిన విశేషం ఒకటున్నది. ఆ ప్రవేశం దేశానికి చెందుతుంది గాని, సంపాదించిన జంటకు చెందదు. ఈ ఏడు ఒకరు పడిన శ్రమ మరుసటి ఏడు వేరొకరికి దారి చూపుతుంది. కోనసీమలో తాత నాటిన కొబ్బరి చెట్టు మనుమడి కాలానికి కూడా కాపు కాసినట్లే ఇదీను.

మన గోదావరి సీమకు ఈ సంగతి కొత్త కాదు. అమలాపురం బిడ్డ సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి, చిరాగ్ శెట్టితో జంట కట్టి 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం గెలిచినప్పుడు మన పల్లెలు సైతం పులకించాయి. ఒలింపిక్స్‌లో ఆ విభాగానికి ఒక దేశం నుండి రెండు జంటలు వెళ్ళాలంటే ఆ రెండూ ప్రపంచ శ్రేణిలో మొదటి ఎనిమిదింటిలో ఉండాలి. ఫుట్‌బాల్‌లో ఆయా ఖండాల దేశాలు ముందు తమలో తాము పోటీపడి, గెలిచినవారే ప్రధాన పోటీకి చేరుతారు. నియమాల రూపం వేరైనా సారాంశం ఒక్కటే. అడిగితే వచ్చేది కాదు, ఆడి తెచ్చుకోవలసినదే ప్రవేశం.

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య గరపుతూ దేశమంతటా పేరు పొందిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులోను, నగరంలోని క్లబ్బులలోను ఆడారు. తరువాత ఉపాధ్యాయ వృత్తి స్వీకరించి కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలలలో బోధించారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శియై తుదిశ్వాస వరకు ఆ బాధ్యత వహించారు.

బడిలో పాఠం చెప్పిన పద్ధతినే ఆయన మైదానానికి తెచ్చారని చెప్పవచ్చు. కుడికాలి వాటం గల కుర్రవాడు ఎడమకాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టారు. బంతిని తన కాలి వద్దనే ఉంచుకొని ఒంటరిగా దూసుకుపోరాదని, వెంటనే తోటివానికి అందించవలెనని నియమం విధించిన పోటీలు నడిపారు. ఒకటి ప్రతి ఆటగాని లోపాన్ని సవరించేది. రెండవది జట్టు అంటే ఏమిటో నేర్పేది. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చింది. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. కలకత్తా జట్లదే రాజ్యంగా ఉన్న రోజులలో దక్కను పిల్లలు సాధించిన ఈ విజయం దేశాన్ని ఆశ్చర్యపరచింది.

అదే 1950లో భారత జట్టు శిక్షకత్వం కూడా ఆయనను వరించింది. ఆ సంవత్సరమే జరిగిన ఒక సంఘటన మన విషయానికి సంబంధించినది. బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్పుకు భారతదేశానికి ప్రవేశం లభించింది. పోటీలో నిలువవలసిన బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకొన్నందున ఆడకుండానే లభించింది. మన సంఘం జట్టును పంపలేదు. ఆ తరువాత పురుషుల ప్రపంచ కప్పు వాకిలి మనకు నేటి వరకు తెరుచుకోలేదు. శ్రమ లేకుండా వచ్చిన దాని విలువ చేజారిన తరువాత గాని తెలియదు.

రహీం సాహెబ్ శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. కాని మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోర పరాజయం ఎదురైంది. మన ఆటగాళ్ళలో పలువురు చలిలో వట్టికాళ్ళతో ఆడారు. ఆ ఓటమితో కుంగిపోక, బూట్లు తప్పనిసరి కావలెనని, ఆట తీరు మారవలెనని ఆయన గ్రహించారు. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హంగరీవారి పద్ధతిని శ్రద్ధగా పరిశీలించి, దానిని మన పిల్లల శరీర దారుఢ్యానికి తగినట్లు మలచారు. విద్యార్థి తప్పిన పరీక్షకు గురువు మళ్ళీ పాఠం సిద్ధం చేసుకొన్నట్లు నాలుగేళ్ళు పాటుపడ్డారు.

ఫలితం 1956లో మెల్బోర్న్‌లో కనబడింది. హంగరీ తప్పుకొనుటచే మన జట్టు నేరుగా క్వార్టర్ ఫైనల్ చేరినది నిజమే. కాని డిసెంబరు 1వ తేదీన ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను దాని సొంత గడ్డపై 4-2తో ఓడించడం ఎవరూ ఇచ్చిన దానం కాదు. నెవిల్ డిసౌజా మూడు గోల్సు చేసి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ ఘనత సాధించిన తొలి ఆసియావాసి అయినాడు. సెమీఫైనల్‌లో యుగోస్లావియాకు, తరువాత బల్గేరియాకు ఓడి మన జట్టు నాల్గవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి అంతకు మించిన స్థానం నేటికీ లేదు. ఆ జట్టులోని అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికారుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ మొదలైనవారు హైదరాబాదు, సికింద్రాబాదు మైదానాలలో పెరిగినవారే. పేర్లు చూడండి: ఏ మతం, ఏ భాష అని ఆ మైదానం అడగలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్ ప్రవేశానికి మన జట్టు అఫ్ఘనిస్తాన్‌ను, ఇండోనేషియాను దాటవలసి వచ్చింది. దాటి వెళ్ళి, బలమైన ఫ్రాన్స్‌తో 1-1గా సమానంగా నిలిచింది. హంగరీతో 2-1 తేడాతో మాత్రమే ఓడింది. పెరూ చేతిలో కూడా ఓడినందున ముందుకు సాగలేకపోయింది.

చివరి పరీక్ష 1962లో జకార్తా. అప్పటికే రహీం సాహెబ్ ఆరోగ్యం క్షీణించింది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానీయలేదన్న వివాదంలో భారత ప్రతినిధి ఒకరు వెలిబుచ్చిన అభిప్రాయం వలన స్థానికులకు మన జట్టుపై ఆగ్రహం కలిగింది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయిలాండ్‌తో ఆటలో రక్షక శ్రేణికి ప్రాణమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వేరొకరైతే అతనిని విశ్రాంతికి పంపేవారేమో. రహీం సాహెబ్ అతనిని ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలిపారు. సెమీఫైనల్‌లోను, ఫైనల్‌లోను జర్నైల్ గోలు చేశాడు. సెప్టెంబరు 4వ తేదీన, గేలి చేస్తున్న జనసముద్రం నడుమ, పి. కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చేసిన గోల్సుతో భారత జట్టు అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం చేజిక్కించుకొన్నది.

పది మాసాలు గడవక ముందే, 1963 జూన్ 11వ తేదీన, ఊపిరితిత్తుల క్యాన్సర్ వ్యాధితో రహీం సాహెబ్ పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. 1964 టోక్యో ఒలింపిక్స్ ప్రవేశ పోటీలలో భారత జట్టు ఇరాన్ చేతిలో ఓడిపోయింది. ఆనాడు మూతపడిన ఒలింపిక్ వాకిలి మన ఫుట్‌బాల్‌కు నేటి వరకు తెరుచుకోలేదు. ఆసియా క్రీడలలో 1970లో కాంస్యం లభించింది గాని, స్వర్ణం మళ్ళీ రాలేదు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోమ్‌కు వెళ్ళిన జట్టులో సభ్యులై, తరువాత శిక్షకులుగా, అంతర్జాతీయ రిఫరీగా సేవ చేసి 2021లో కన్నుమూశారు. రహీం సాహెబ్ పేరు చాలా కాలం మరుగున పడి, 2024లో వచ్చిన మైదాన్ హిందీ చలనచిత్రంతో కొత్త తరానికి చేరింది.

ఆయన ఒలింపిక్స్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. ఆయన మెడలో పతకం పడలేదు. ఇతరులు ఆడడానికి తగిన స్థానాన్ని సంపాదించి పెట్టడమే ఆయన పని. ఆయన పోయిన తరువాత ఆ స్థానాన్ని నిలుపుకొనే ఏర్పాటు దేశం చేసుకోలేకపోయింది. ఒక్క మనిషి భుజాలపై నిలిచిన కప్పు ఆ భుజాలతో పాటే ఒరిగిపోయిందని చెప్పక తప్పదు.

మన కళాశాలలో చదివే ప్రతి విద్యార్థికీ ఈ చరిత్ర ఒక మాట చెబుతున్నది. ఈనాడు మనం కూర్చొన్న బెంచీ మనకు ముందు చదివినవారి శ్రమ వల్ల, దాతల, పెద్దల ఔదార్యం వల్ల లభించింది. మన నడవడి, మన ఫలితాలు, మన ఆట రేపు ఇక్కడికి వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు స్థానాన్ని పెంచవచ్చు, తగ్గించనూవచ్చు. అట్లే ఒక వ్యాయామోపాధ్యాయుడు, ఒక మైదానం, నాలుగు బంతులు ఎంత దూరం తీసుకుపోగలవో కార్యవర్గ పెద్దలకు కూడా ఈ జీవితం గుర్తుచేయగలదని మా విశ్వాసం. హైదరాబాదులోని ఒక బడిపంతులు చేయగలిగినది గోదావరి తీరంలో అసాధ్యం కారాదు.