చందమామ మీది దెబ్బ

మా ఇంట్లో చందమామలో అమ్మకి కుందేలు కనిపిస్తే, మా పాట్టికి వడలు వేసే ముసలమ్మ కనిపిస్తుంది. నాకిప్పుడు గిల్బర్ట్ కనిపిస్తున్నాడు.

గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ 1843లో పుట్టిన అమెరికా భూగర్భ శాస్త్రజ్ఞుడు. 1892లో వాషింగ్టన్‌లో 18 రాత్రులు టెలిస్కోప్‌తో చంద్రుణ్ణే చూశాడు. సర్కారు జీతం తీసుకుని ఇదేం పనని చట్టసభలో ఎగతాళి కూడా చేశారు. ఆయన మాత్రం ఇంబ్రియం అనే నల్లటి మైదానం నుంచి చక్రం ఆకుల్లా బయటికి పోయిన చాళ్ళు చూసి, అక్కడ ఏదో పెద్దది వచ్చి గుద్దుకుందన్నాడు. అప్పట్లో చాలామందికి అవన్నీ అగ్నిపర్వతాలే! ఆ గుంత వెడల్పు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. తర్వాత లోపలి లావా పొంగి నిండింది, ఆ నలుపు దానిదే.

అంతకు ముందేడు అరిజోనాలో నిజం ఉల్క గుంత దగ్గరికే వెళ్ళి, దిక్సూచి కదలలేదని, ఆవిరి పేలుడని తేల్చేశాడు పాపం. ఈ తప్పు చదివాకే నాకాయన దగ్గరివాడనిపించాడు. అది ఉల్క పనేనని గట్టిగా రుజువైంది 1960లో. గిల్బర్ట్ పోయింది 1918లో.