నిత్యలేఖనవ్రతి ఆంథొనీ ట్రాలప్

గ్రంథరచన ఆవేశము కలిగినపుడు జరుగవలసినదే కాని, గడియారమును ముందిడుకొని చేయదగిన పని కాదని మనలో పెక్కుమంది నమ్మిక. ఉద్యోగములలో నున్న యువకులను ఏదైన వ్రాయుడని కోరినచో కొందఱు తీరిక లేదందురు, కొందఱు మనస్సు కుదురలేదందురు. ఈ రెండు సమాధానములను చెప్పుటకును పూర్ణమైన హక్కు గల మనుష్యుడొకడు పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశమున నుండెను. అతడు ముప్పదిమూడేండ్లు తపాలాశాఖలో కొలువు చేసెను. ఆ కొలువు విడువకయే నవలలు వ్రాయ మొదలిడి, జీవితాంతమునకు 47 నవలలును, యాత్రాగ్రంథములును, చిన్నకథల సంపుటములును, ఒక స్వీయచరిత్రమును లోకమున కిచ్చెను. అతడే ఆంథొనీ ట్రాలప్. అతని చరిత్రము మన సంఘములోని గుమాస్తాలకును, ఉపాధ్యాయులకును, వ్రాయవలెనని కోరిక గల విద్యార్థులకును ఉపయోగించునని తలచి యిచ్చట సంగ్రహించుచున్నాను.

ఆంథొనీ 1815వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీని లండను నగరమున జన్మించెను. తండ్రి థామస్ ఆంథొనీ ట్రాలప్ న్యాయవాది, పండితుడు, కాని ముక్కోపి. ఆ కోపమునకు వెఱచి కక్షిదారులు ఒక్కరొక్కరుగా తప్పుకొనిరి. సంతానములేని మేనమామ ఆస్తి తనకు వచ్చునని ఆశపడియుండగా, ఆ వృద్ధుడు మరల వివాహమాడి బిడ్డలను గనెను. పిమ్మట హారో గ్రామమున భూమి కౌలునకు దీసికొని వ్యవసాయము చేయబోయి ఉన్నది కూడ పోగొట్టుకొనెను. క్రైస్తవ మతసంబంధములగు పదముల కన్నిటికిని ఒక మహానిఘంటువు కూర్పబూని, తలనొప్పితో బాధపడుచునే యేండ్లతరబడి శ్రమించి, అది పూర్తికాకుండగనే 1835లో గతించెను. పరిశ్రమలో నాయన కొడుకునకు తీసిపోయినవాడు కాడు. ఆ శ్రమకొక గడువును హద్దును లేకపోయెనని నాకు తోచుచున్నది.

కుమారుడు హారో పాఠశాలకు బురదదారుల వెంట నడచి పోవుచుండెను. ధనవంతుల బిడ్డల నడుమ మాసిన బట్టలతో కూర్చుండెను. తరువాత వించెస్టరు పాఠశాలలో చేరినపుడు జీతము చెల్లలేదు. ఆ సంగతి తోడివారికి తెలిసెను. ఆటలకు పిలుచువారు లేరు. అందుచేత ఆ బాలుడు తనలో తాను కథలు కట్టుకొనుట అలవఱచుకొనెను. ఒక కథను వారములు, నెలలు నడపుచుండెడివాడు. అందొక నియమము: జరుగుటకు వీలులేనిదేదియు కథలో రారాదు. తానందు రాజు కాడు, పరాక్రమవంతుడు కాడు. ఈ పగటికలలు చెడు అలవాటేమోయని తరువాత సందేహించినను, అవి లేనిచో తాను నవల వ్రాసియుండనని అతడే ఒప్పుకొనెను.

తల్లి ఫ్రాన్సెస్ కథ వేఱు. ఆమె 1827లో అమెరికాకు బోయి సిన్సినాటి పట్టణమున ఒక అంగడి పెట్టించి నష్టపోయెను. తిరిగివచ్చి ఆ దేశస్థుల ఆచారవ్యవహారములను గూర్చి 1832లో ఒక గ్రంథము ప్రకటించెను. అప్పటికామెకు 53 ఏండ్లు. అదియే ఆమె మొదటి పుస్తకము. అది మిక్కిలి చెల్లుబడియయ్యెను. అది మొదలు ఇల్లు నిలిపినది ఆమె కలమే. ఇంటివారు లేవకమునుపే, వేకువజామున నాలుగు గంటలకు వ్రాయ గూర్చుండెడిది.

1834లో అప్పులవారి బాధ పడలేక కుటుంబము బెల్జియము దేశమందలి బ్రూజెస్ పట్టణమునకు పాఱిపోవలసివచ్చెను. ఒకనాటి ఉదయమున తండ్రి ఆంథొనీని బండి తోలుమనెను, ఎక్కడికో చెప్పలేదు. లండనులో తండ్రిని ఓడ యెక్కించి కొడుకు మరలివచ్చుసరికి జప్తు జవానులు ఇంటిలో నుండిరి. చెల్లెండ్రును, పొరుగువారి పిల్లలును కంచెలోని సందుగుండ పుస్తకములను, పింగాణిపాత్రలను చాటుగా అవతలికి చేరవేయుచుండగా ఆంథొనీయు వారితో గలసెను. బ్రూజెసులో హెన్రీ యను అన్న క్షయరోగముతో మంచమెక్కెను, తండ్రియు క్షీణించుచుండెను. తల్లి పగలు రోగులకు పరిచర్య, రాత్రి నవలారచన. మందుసీసాలును సిరాబుడ్డియు ఆ యింట నొకచోటనే యుండెను. హెన్రీ ఆ సంవత్సరము డిసెంబరులోనే పోయెను. ఆంథొనీకి నిత్యలేఖనవ్రతమున గురువు ఎవరని యెవరైన నడిగినచో ఈ తల్లియే యని చెప్పవలెను.

ఆ 1834లోనే, పందొమ్మిదవ యేట, ఆంథొనీ లండను జనరల్ పోస్టాఫీసులో సాలుకు 90 పౌనుల జీతముపై గుమాస్తాగా ప్రవేశించెను. పరీక్షార్థము ఒక వార్తాపత్రికనుండి కొన్ని పంక్తులు వ్రాయుమనగా సిరామరకలును తప్పులును చేసెను. మఱునాడు చక్కని దస్తూరితో వ్రాసికొనిరమ్మనిరి. రాత్రియంతయు శ్రమించి తెచ్చిన కాగితమును చూచినవారే లేరట! తరువాతి యేడేండ్లు అతని జీవితమున చీకటిరోజులు. కచ్చేరికి ఆలస్యముగా వచ్చువాడు, అధికారులకు గిట్టనివాడు, అప్పులలో మునిగినవాడు. దర్జీకి చెల్లవలసిన 12 పౌనుల పత్రము ఒక వడ్డీవ్యాపారి చేతబడి, తుదకు 200 పౌనులకు మించి కట్టవలసివచ్చెను. ఆ వ్యాపారి దినదినమును కచ్చేరికే వచ్చి, కుర్చీవెనుక నిలుచుండి, కాలనియమము పాటింపుమని హితోపదేశము చేసెడివాడు! ఈ దినములలో అతడు రచయిత కావలెనని తలంచుచుండెను. కాని నవలగా ఒక పుటయైన వ్రాయలేదు. తలంపునకు దినము నిర్ణయింపనందున ఏడేండ్లు ఊరక పోయెను.

1841లో ఐర్లండున ఒక ఉద్యోగము ఖాళీయయ్యెను. ఎవ్వరును కోరని ఆ పనికి ఇతడు దరఖాస్తు పెట్టుకొనగా, పీడ వదలునని కాబోలు పైవారు సంతోషముతో పంపిరి. ఇతడు పనికిమాలినవాడని లండనునుండి ముందుగనే ఉత్తరము పోయినది. అచ్చటి అధికారి మాత్రము నీ పనినిబట్టియే నిన్ను విచారింతునని చెప్పెను. ఒక్క సంవత్సరములో అతడు శాఖకు అక్కఱకు వచ్చువాడని పేరుపడెను. గుఱ్ఱమెక్కి పల్లెపల్లెకు తిరిగి తపాలా లెక్కలు తనిఖీ చేయుట అతని విధి. 1844లో రోజ్ హెసెల్టైన్ అను కన్యను వివాహమాడెను. శాఖాకార్యములలో నతడు చేసిన మేలు మనకందఱకును పరిచితమైనదే. చానల్ దీవులకు పంపబడినపుడు, ఉత్తరములు వేయుటకు వీథిప్రక్కన ఇనుపపెట్టెలు నిలుపవలెనని సూచించి, 1852లో జెర్సీ దీవిలో వానిని పెట్టించెను. బ్రిటిషు దీవులలో వీథి తపాలాపెట్టెలు నిలుపుట దానితోనే మొదలయ్యెను.

1843లో, డ్రమ్స్నా గ్రామసమీపమున పాడుపడిన యొక భవనమును జూచి మొదటి నవల ప్రారంభించెను. అది 1847లో వెలువడెను. ఒక్క పెన్నీయు రాలేదు. 1848 నాటి రెండవ నవల 375 ప్రతులు అచ్చుకాగా 140 అమ్ముడుపోయెను. ప్రకాశకునకు 63 పౌనులకు పైగా నష్టము. 1850 నాటి మూడవదానికి ముట్టినది 20 పౌనులు. నాలుగవది, సాలిస్‌బరీ దేవాలయప్రాంగణమున తిరుగుచు ఊహించిన ది వార్డెన్, 1855లో వచ్చి మొదటియేట 9 పౌనుల 8 షిల్లింగుల 8 పెన్నీలు తెచ్చెను. రాళ్లు కొట్టినను అంతకంటె ఎక్కువ వచ్చియుండునని తానే వేడుకగా చెప్పుకొనెను. కాని ఆ చిన్న గ్రంథమునుండియే బార్సెట్‌షైర్ అను కల్పితమండలము పుట్టెను. 1857లో బార్చెస్టర్ టవర్స్‌కు ముందుగా 100 పౌనులు, మఱుసటియేట డాక్టర్ థార్న్‌కు 400, 1860లో కార్న్‌హిల్ పత్రికలో వెలువడిన ఫ్రామ్లీ పార్సనేజికి 1000 పౌనులు లభించెను. ఆ పత్రికకు సంపాదకుడు సుప్రసిద్ధుడగు థాకరే. కలము పట్టిన పదునాఱేండ్లకు గాని పేరు రాలేదని చదువరులు గమనింతురు గాక.

ఇక నతని నియమమును గొంచెము విరివిగా చెప్పవలెను. క్రొత్తపుస్తకము మొదలిడునపుడు దానికెన్ని వారములు పట్టునో నిర్ణయించి, ఆ వారములకు గళ్లుగీసి యొక దినచర్యాపుస్తకము సిద్ధపఱచుకొనెడివాడు. ఏనాటికానాడు వ్రాసిన పుటల సంఖ్యను అందు వేసెడివాడు. పుట యనగా 250 మాటలు. మాటలు లెక్కపెట్టియే పుట యనెడివాడు. సామాన్యముగా వారమునకు 40 పుటలు. తక్కువలో తక్కువ 20, ఒకప్పుడు 112 వఱకును పోయెను. సోమరియైన దినమున గడి ఖాళీగా నుండి కంటికి పుల్లవలె గ్రుచ్చుకొనెడిది. (మన భాషలో సంధిసమాసములచే రెండుమూడు మాటలొకటిగా కలసిపోవును గావున ఈ లెక్క మనకు పంక్తులతో వేసికొనుట మేలు.)

1859 చివర ఇంగ్లండునకు మరలి వాల్థమ్ క్రాస్‌లో కాపురముండినపుడు ఉదయము 5 గంటల 30 నిమిషములకు బల్లయొద్ద నుండెడివాడు. మొదటి అరగంట ముందునాడు వ్రాసినదానిని చదువుట. ఆ చదువుటలో వాక్యధ్వని చెవికి పట్టును. పిదప గడియారము ఎదుట నుంచుకొని ప్రతి పావుగంటకును 250 మాటలు. 8 గంటల 30 నిమిషములకు కలము క్రింద బెట్టి, ఉపాహారమునకు బోయి, తరువాత సర్కారుపనికి లేచెడివాడు. అతనిని నిద్రలేపి కాఫీ యిచ్చుటకు వృద్ధుడగు గుఱ్ఱపువాడొకడు ఏటికి 5 పౌనులు అదనముగా పుచ్చుకొనెడివాడు. తన జయమునకు ఎవ్వరికంటెను ఆ వృద్ధునకే ఎక్కువ ఋణపడియున్నానని ట్రాలప్ వ్రాసెను. ఆ వృద్ధుడును అంతకుముందే లేవవలెను గదా! భార్య రోజ్ పాలును మఱువరాదు. రైలుబండిలో ఒడిలో పలక పెట్టుకొని పెన్సిలుతో గీచిన వ్రాతలను ఆమెయే శుద్ధప్రతి వ్రాసెను. అచ్చునకుముందు చదివినది ఆమె యొక్కతెయే.

ప్రయాణములందును నియమము తప్పలేదు. 1858లో తపాలా ఒడంబడిక పనిమీద ఈజిప్టునకు బోవుచు, సముద్రపు తిప్పట వలన కడుపు త్రిప్పగా నడుమ నడుమ కాగితము విడిచి గదికి పరుగెత్తివచ్చి, ఆనాటి పుటలు ముగించెను. ఈజిప్టులో డాక్టర్ థార్న్ పూర్తియైన మఱునాడే వేఱొక నవల మొదటిపుట వ్రాసెను. 1871లో ఆస్ట్రేలియాలో గొఱ్ఱెల మందలు పెంచుచున్న చిన్నకుమారుని చూడబోవుచు, ఓడగదిలో బల్ల బిగింపించుకొని, ఎనిమిది వారములలో లేడీ ఆనా అను నవలను ముగించెను.

ఇట్లు కొలిచి వ్రాసిన వ్రాత యాంత్రికము కాదా యను ప్రశ్న రాక మానదు. నా బుద్ధికి తోచినంతవఱకు, అతడు కొలిచినది వ్రాతనే గాని ఊహను గాదు. ఊహ యెల్లప్పుడును నడచుచునే యుండెను. బాల్యమున ఒంటరియై నేర్చిన కథాకల్పనము గుఱ్ఱముమీదను, నడకయందును పాత్రలతో కాపురముగా మాఱెను. ఒకనాడు ఎథీనియమ్ సమాజమున ఇరువురు మతగురువులు, ఇతడు ప్రక్కనున్నాడని యెఱుగక, బిషప్పు భార్య శ్రీమతి ప్రౌడీ పాత్రము మరల మరల వచ్చి విసుగు పుట్టించుచున్నదనిరి. ట్రాలప్ లేచి, ఆ గ్రంథకర్త తానేయనియు, ఇంటికి బోయి వారము తిరుగకుండ ఆమెను చంపెదననియు చెప్పి, అట్లే చేసెను. 1867 నాటి ది లాస్ట్ క్రానికల్ ఆఫ్ బార్సెట్‌లో ఆమె మరణము కలదు. కాని ఆమె నీడ తన్ను విడువలేదని తరువాత చాల చింతించెను. యంత్రమునకు చింత యెక్కడిది? అట్లని అన్ని నవలలును సమానముగా లేవు. కొన్నిటిలో గడువు నింపుటకై వ్రాసిన ప్రకరణములు కనబడును. 1875లో పూర్తిగా వెలువడిన ది వే వుయ్ లివ్ నౌ అను గొప్పనవలయు ఆ గడియారము క్రిందనే పుట్టినది.

1864లో రావలసిన పెద్దపదవి వేఱొకరికి బోగా మనసు విఱిగి, 1867లో పింఛను సహితము వదలుకొని తపాలాశాఖను విడిచెను. 1868లో బెవర్లీనుండి పార్లమెంటునకు నిలిచి ఓడెను. 1875, 76లలో స్వీయచరిత్రము వ్రాసి, తన మరణానంతరమే అచ్చొత్తింపుమని పెద్దకుమారుడగు హెన్రీకి అప్పగించెను. అందు పావుగంటల లెక్కయు, పుటల లెక్కయు, ఒక్కొక్క గ్రంథమునకు వచ్చిన రొక్కమును, మొత్తము 68,939 పౌనుల 17 షిల్లింగుల 5 పెన్నీలును, చెప్పులు కుట్టు పనివాని పనితో తన పనికి పోలికయు దాచక వ్రాసెను. 1883లో అది వెలువడగా, కళ బేరమయ్యెనని విమర్శకులు ముఖము చిట్లించిరి. అతని కీర్తి చాలకాలము మసకబాఱెను. ఆ సత్యవాదిత్వమునకు మూల్యము చనిపోయిన పిదప చెల్లించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండు ప్రజలు మరల బార్సెట్‌షైర్ నవలలను ఆసక్తితో చదివిరి. 1993లో వెస్ట్‌మినిస్టర్ ఆబీ కవిస్థానమున అతని పేర శిలాఫలకము వేయబడెను.

కడపటి యేండ్లలో చేతికి తిమ్మిరిపట్టగా, భార్య సోదరి కుమార్తె యగు ఫ్లారెన్స్ బ్లాండ్‌కు చెప్పి వ్రాయించుచుండెను. గ్రంథము పూర్తికానిదే మొదటిభాగమైనను అచ్చునకు ఈయరాదనునది అతని మఱియొక నియమము. ఫ్రామ్లీ పార్సనేజి విషయమున నొక్కమాఱు దానిని తప్పెను. రెండవమాఱు తప్పినది ది ల్యాండ్‌లీగర్స్ అను ఐర్లండు నవల విషయమున. 60 ప్రకరణములుగా ఏర్పఱచుకొన్న ఆ గ్రంథము 49వ ప్రకరణము నడుమ నుండగా, 1882 నవంబరు 3వ తేదీ రాత్రి, బంధువుల యింట నొక హాస్యకథ చదువుచుండగా విని నవ్వుచునే పక్షవాతమునకు లోనయ్యెను. డిసెంబరు 6వ తేదీని మరణించెను. కుమారుడు ఆ నవలను తండ్రి విడిచిన చోటనే ఆపి ప్రకటించెను.